లోపలికొచ్చి చెప్పే కబురు

నేను పనిచేసే బడి, గజపతినగరం దాటాక బస్సు దిగి పావుగంట నడిస్తే వచ్చే ఊళ్ళో ఉంది. రెండు గదులు, ఒక వరండా, వెనక రేకుల వంటపాక. అయిదు తరగతులకి ఇద్దరం టీచర్లం. పెద్ద టీచరుని నేనే కాబట్టి మండల విద్యా కార్యాలయం నుంచి వచ్చే ప్రతి కబురూ ముందు నా నెత్తిన పడుతుంది.

పొద్దున్న విజయనగరంలో బస్సెక్కి కూర్చునే లోపలే ఫోను నాలుగైదు సార్లు గుర్రుమంటుంది. పిల్లల కాళ్ళ కొలతలు పంపండి, బూట్లు వస్తాయి. గురుకులంలో అయిదో తరగతి సీట్లకి దరఖాస్తులు మొదలయ్యాయి. శనివారం కంటి పరీక్షలు. నులిపురుగుల మాత్రలు మింగించే రోజు మారింది. ప్రతిదాని చివరా ఒకటే వాక్యం: తల్లిదండ్రులకు వెంటనే తెలియజేయగలరు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎలా తెలియజేయాలో మాత్రం ఒక్కరూ రాయరు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కబుర్లలో పనికిరానివి తక్కువ. కళ్ళద్దాలు ఊరికే ఇస్తారు. పుస్తకాలు ఇస్తారు. నడవలేని పిల్లకి మూడు చక్రాల బండి ఇస్తారు. ఇచ్చేవాళ్ళు మండలంలో ఉన్నారు, కావలసినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. మధ్యలో నేనున్నాను. నాకేమో మాటకన్నా ముందు కోపం వస్తుంది.

మొదట్లో తల్లిదండ్రులకి వాట్సాప్ గ్రూపు పెట్టాను. ఫోన్లన్నీ తండ్రుల జేబుల్లో ఉంటాయి, తండ్రులు పొలంలోనో విశాఖలో తాపీ పనిలోనో ఉంటారు. నేను గురుకులం దరఖాస్తు గురించి పెడితే కింద నాలుగు దండాలు, రెండు గులాబీలు, రామతీర్థం కొండ మీద దిగిన ఫోటో ఒకటి, చూడి గేదె అమ్ముతాం అని ఇంకొకటి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. సరే, పాత పద్ధతే నయమని పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం రాసి, జిగురు లేక గంజి పూసి బడి తలుపుకి అంటించాను. ఇంటర్వెల్లో చూద్దును కదా, ఒక మేక ముందుకాళ్ళు తలుపుకి ఆనించి నిలబడి గంజితో సహా సగం కాగితం నమిలేసింది. చాక్‌పీసు తీసి విసిరాను. అది నాకేసి ఓసారి చూసి, మిగతా సగం కూడా తినేసి వెళ్ళింది.

అప్పుడు పకపకా నవ్విన మనిషి మా వంటావిడ. పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండిపెడుతుంది. ఈ ఊరి కోడలే. ముప్పయి నాలుగో అయిదో ఉంటాయి.

"కాయితాలు మేకలకి మేడమ్. మనుసులకి కబురెట్టాల," అంది గరిటె ఊపుతూ. "నేనెల్లి సెప్తాను. గిన్నెలు కడిగేసినాక నాకేటి పని?"

అలా మొదలైంది. మధ్యాహ్నం పిల్లలు తిన్నాక, మండలం కబురు ఫోనులో చదివి ఆమెకి వినిపించేదాన్ని. ఆమె ఒక్కసారి విని, తేదీ మాత్రం రెండోసారి అడిగి, సాయంత్రం బయల్దేరేది.

ఎలా చెబుతుందో చూద్దామని మొదటిరోజు నేనూ వెంట వెళ్ళాను. వెళ్ళకపోయినా బాగుండుననిపించింది. మొదటి ఇంట్లో చెప్పులు విప్పి లోపలికెళ్ళింది. కింద కూర్చుంది. "కాసిన్ని మంచినీల్లియ్యే అప్పా," అంది ఇల్లాలితో. ఇక్కడ అక్కని అప్ప అంటారు. నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, దూడ సంగతి అడిగి, గోగు ఎంత ఎత్తు పెరిగిందో అడిగి, అప్పుడు చెప్పింది. తేదీ మూడుసార్లు చెప్పింది. ఆ ఇల్లాలి చేత కూడా చెప్పించింది. రెండో ఇంట్లో మళ్ళీ చెప్పులు విప్పింది, మళ్ళీ నీళ్ళడిగింది. ఊళ్ళో నలభై గడపలు దాటి ఉన్నాయి. నేను వాచీ చూసుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను. నాకూ నీళ్ళిచ్చారు గానీ వద్దన్నాను. నా సంచిలో విజయనగరం నుంచి తెచ్చుకున్న సీసా ఉంటుంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆ నీళ్ళే తాగుతాను.

"ప్రతి ఇంట్లోనూ నీళ్ళు తాగకపోతే ఏం? నీ కడుపేమైనా ఓవర్‌హెడ్ ట్యాంకా?" అన్నాను వీధిలోకొచ్చాక.

ఆమె నాకు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "బయట నిలబడి సెప్పేది సావు కబురు మేడమ్. అది తెచ్చినోలు గడప దాటరు, నీల్లు ముట్టరు. మంచి కబురైతే లోనికెల్లాల, కూకోవాల, గుక్కెడు నీల్లు తాగాల. అప్పుడు ఆల గుండె కుదుటపడతాది. మనం నోరు ఇప్పకముందే మంచి కబురని తెలిసిపోతాది."

ఇంకో నియమం కూడా ఉంది. మంచి కబురు తెచ్చినవాళ్ళని వట్టి చేతులతో పంపరు. చిన్న బెల్లం ముక్కో, గుప్పెడు చిక్కుళ్ళో, రెండు ములక్కాడలో పెడతారు. ఆమె ఒడి నింపుకుని వచ్చేది. మర్నాడు అవన్నీ పిల్లల సాంబారులో పడేవి. ఆ విషయంలో మాత్రం నేను కోప్పడలేదు.

కానీ నాకు తోచింది నేను చెయ్యకపోతే నా బుద్ధి ఎలా నిలుస్తుంది? ఒక శుక్రవారం మధ్యాహ్నం కబురొచ్చింది, రేపే కంటి పరీక్షలని. టైము లేదు. వంటావిడని పిలిచి, "ఎక్కడా కూర్చోకు, నీళ్ళు తాగకు, వీధిలో నిలబడి కేకేసి వచ్చెయ్యి," అన్నాను. ఆమె నా మొహంలోకి ఓసారి చూసి వెళ్ళింది.

మొదటి ఇంటి ముందు నిలబడి కేకేసింది. "అప్పా, బేగి రా! కబురున్నాది!"

ఆ ఇల్లాలు లోపల బియ్యం చెరుగుతోంది. భర్త విశాఖలో మూడంతస్తుల మీద తాపీ పని చేస్తాడు. తల ఎత్తి చూస్తే రోజూ లోపలికొచ్చి కూర్చునే మనిషి ఇవాళ గుమ్మం బయట నిలబడి ఉంది. పైగా రొప్పుతోంది. అంతే, చేట విసిరేసి ఘొల్లుమంది. "కంటి పరీచ్చలే అప్పా, పిల్లలకి కంటి పరీచ్చలే," అని మా వంటావిడ మొత్తుకుంటున్నా వినేవాళ్ళేరీ? పక్కింటివాళ్ళు వచ్చి తోడు ఏడ్చారు. ఎదురింటి ముసలామె ఎవరు పోయారో అడక్కుండానే గుండెలు బాదుకుంది. ఆ ఏడుపులు బడిదాకా వినిపించి నేను పరిగెత్తాను. "ఎవరు? ఎవరు?" అని అడిగితే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

సంగతి బయటపడ్డాక ముసలమ్మలు వంటావిడని ఒక్క మాట అనలేదు. నా మీద పడ్డారు. "పంతులమ్మా, నీకు బుద్దున్నాదా? కల్లద్దాల కబురు గుమ్మం బయట నిలబెట్టి సెప్పిస్తావేటి?"

అయితే ఏ ఏడుపు ఎందుకు మేలు చేస్తుందో ఎవరికి తెలుసు? ఆ కబురు నెలరోజులు తిరిగి చెప్పినా అంత బాగా అందేది కాదు. మర్నాడు బడి వరండా నిండిపోయింది. పిల్లలకే అని ఎంత చెప్పినా ముసలమ్మలు బల్లల మీద ఎక్కి కూర్చున్నారు. ఒకావిడకి కంట్లో శుక్లం ఉందని అక్కడే తేలింది. మా రెండో తరగతి పిల్లకి అద్దాలు వచ్చాయి. బోర్డు మీదది ఎప్పుడూ తప్పులతడకగా ఎక్కించుకునేది, బద్ధకం అని నేను ఎన్నిసార్లు తిట్టానో. అద్దాలు పెట్టుకుని నా వైపు చూసి, "ఓలమ్మ! మేడమ్‌కి గడ్డం మీద పుట్టుమచ్చున్నాది!" అంది. ఏడాదిన్నర నుంచి ఆ పిల్ల నా ముందే కూర్చుంటోంది.

ఆ తర్వాత నేను ఆమె పద్ధతిలో వేలు పెట్టలేదు. "నీళ్ళు తాగి మరీ రా," అనేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ రోజులు చాలా హాయిగా గడిచాయి. గురుకులంలో ఇద్దరికి సీట్లు వచ్చాయి. మూడు చక్రాల బండి వచ్చింది. బూట్లు సరిపోయాయి. మండలం మీటింగుల్లో మీ ఊళ్ళో అందరికీ అన్నీ ఎలా తెలుస్తాయని అడిగితే గర్వంగా నవ్వేదాన్ని. ఆ గర్వంలో సగం పైగా నాది కాదని అక్కడ చెప్పలేదు.

ఒక వానరోజు పిల్లలు తక్కువ వచ్చారు. వంటపాకలో ఆమె పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. తేదీ మూడుసార్లు ఎందుకు చెబుతావని అడిగాను. ఆమె చేట మీంచి తల ఎత్తకుండా చెప్పింది.

"నేను పది దాకా సదివేను మేడమ్. పరీచ్చ రాయనేదు. అది గోగు కోసే కాలం. కోసి, నీల్లలో నానేసి, నార తీయాల కదా. మా అమ్మకి జొరం. పదిహేను దినాలు నేనే మోకాల్లోతు నీల్లలో నిలబడి నార తీసేను. ఆ పదిహేను దినాల్లోనే బడిలో పరీచ్చకి పేర్లు రాసుకున్నారంట. ఫోటోలట్టుకెల్లాల, సంతకాలెట్టాల. నేనెల్లేసరికి ఆకరి తేదీ దాటి మూడ్రోజులైపోనాది."

"ఎవరూ చెప్పలేదా?"

"మా ఈది పిల్లలే నలుగురెల్లేవోరు. ఒకలైనా మా గడపలోకి రానేదు. ఆల తప్పు కాదు మేడమ్, ఆలూ పిల్లలే. మరుసటేడు పెల్లి సేసేసేరు." కాసేపు రాళ్ళు ఏరింది. "ఇప్పటికీ నాకు అదొక్కటే కోరిక. పది పాసవ్వాల. అంగన్వాడీలో పనికి అడుగుతారని కాదు, అదీ ఉన్నాదనుకో. ఎంత సదివేవని ఎవలైనా అడిగితే పది వరకూ అంతాను. ఆ వరకూ అన్నప్పుడల్లా సేప ముల్లు గొంతులో దిగినట్టుంతాది."

"ఇప్పుడు మాత్రం మించిపోయిందేముంది? ఏదో దారి ఉంటుంది. నేను కనుక్కుని నీకు చెప్తాను," అన్నాను. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాను. మర్నాడు ఎండ కాసింది, పిల్లలందరూ వచ్చారు, ఫోను గుర్రుమంది. ఆ మాటని బియ్యంలో రాళ్ళతో పాటే పారేశాను.

ఏడాది పైనే గడిచింది. ఒక సోమవారం మండలం నుంచి కబురు. మధ్యలో బడి మానేసిన పెద్దవాళ్ళు బడికి రాకుండానే పదో తరగతి పరీక్ష రాసుకోవచ్చు, ఓపెన్ టెన్త్‌కి పేర్లు ఇవ్వండి, ఆఖరి తేదీ శుక్రవారం. ఊరికి ఒక్కరైనా ఉండాలని కింద గట్టిగా రాశారు. ఎప్పటిలాగే వంటపాక గుమ్మంలో నిలబడి గడగడా చదివేశాను. ఆమె గిన్నె తోముతూ వింది. "ఆకరి తేదీ ఎప్పుడన్నారు మేడమ్?" అంది. "శుక్రవారం," అన్నాను. "సుక్కురోరం," అంది. ఇంకేదో అంటుందేమోనన్నట్టు నా వైపు చూసింది. నేను అప్పటికే వెనక్కి తిరిగాను. రెండో తరగతిలో ఇద్దరు జుట్లు పట్టుకున్నారు.

సోమవారం, మంగళవారం రెండు సాయంత్రాలూ తిరిగిందిట. బుధవారం ఎవరూ రాలేదు. గురువారం మధ్యాహ్నం మండలం నుంచి ఫోను, మీ ఊరి పేర్లేవని. నా కోపం సంగతి తెలిసిందేగా. సరాసరి వంటపాకకి వెళ్ళాను. ఆమె పప్పు కలుపుతోంది.

"ఏం చెప్పావు ఊళ్ళో? ఒక్కరూ రాలేదే! అసలు వెళ్ళావా?"

"అన్ని ఇల్లకీ ఎల్లేను మేడమ్. మూడేసి సార్లు సెప్పేను. కొందరు నవ్వేరు, కొందరు సూస్తామన్నారు."

"ఇంత ఊళ్ళో పది దగ్గర ఆగిపోయినవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరా? కావాలనుకున్నవాళ్ళు వచ్చి అడగొద్దూ? అడగందే అమ్మయినా పెట్టదు."

ఆమె గరిటె ఆపింది. మొహం పొయ్యి వైపే ఉంది.

"ఒకలున్నారు మేడమ్. ఆలింటికెల్లి సెప్పినోలే నేరు."

"ఎవరింటికి? నువ్వు వెళ్ళకపోతే నాతో చెప్పు, నేనే వెళ్తాను!" అని అరిచాను. నిజంగా అలాగే అరిచాను.

ఆమె మళ్ళీ పప్పు కలపడం మొదలుపెట్టింది. అప్పుడు తట్టింది నాకు. వానరోజు, చేట, గోగు నార, నేను చెప్తానన్న మాట, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. అడగందే అమ్మయినా పెట్టదని నీతులు చెబుతున్నాను కదా, ఈమె అడిగింది. ఏడాది కిందటే అడిగింది. నేను మర్చిపోయాను. దీపం కింద చీకటి అని పిల్లలకి బట్టీ పట్టిస్తాను కానీ, ఊరంతటికీ కబురు మోసే మనిషికి కబురు చెప్పేదెవరో ఒక్కనాడూ ఆలోచించలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అక్కడే నిలబడి, అయితే నువ్వు రాయి, అనేయొచ్చు. అనబోయి ఆగాను. అంతకు ముందు రెండుసార్లు ఆమె బతుకులో ఈ కబురు పక్కనుంచే వెళ్ళిపోయింది. మూడోసారైనా ఇంటికి వెళ్ళాలి.

సాయంత్రం నాలుగింటి బస్సు వదిలేశాను. వాళ్ళిల్లు ఊరి చివర, గోగు కర్రల దడి కట్టిన ఇల్లు. ఇన్నేళ్ళలో ఒక్కసారి వెళ్ళలేదు. దడి దగ్గరకి వెళ్ళి, ఏ మొహంతో వెళ్ళాలో తెలియక కాసేపు నిలబడిపోయాను. అరుగు మీద వాళ్ళ అత్తగారు గోగు నార తాడు పేనుతోంది. తల ఎత్తి నన్ను చూసింది. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏటి పంతులమ్మా," అంది, గొంతు వణుకుతోంది, "బయటే నిలబడ్డావు?"

అయ్యో అనుకుని గబగబా చెప్పులు విప్పేసి గడప దాటాను. లోపల చాప మీద కూర్చున్నాను. వంటావిడ పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చాప మీద చూసి అలాగే నిలబడిపోయింది.

"కాసిన్ని మంచినీళ్ళు ఇయ్యమ్మా," అన్నాను.

ఆమె నా సంచి వైపు చూసింది. అందులోంచి సీసా మూత బయటికే కనిపిస్తోంది. లోపలికెళ్ళింది. గ్లాసు కడిగిన చప్పుడు వినిపించింది. ఒకసారి కడిగి, మళ్ళీ కడిగింది. కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను. చల్లగా ఉన్నాయి, కొంచెం మట్టివాసన వేశాయి. ఇంత మంచి నీళ్ళు ఊరినిండా పెట్టుకుని సీసాలు మోశానా అనిపించింది. కొంగుతో మూతి తుడుచుకున్నాను. అత్తగారు గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ఆమె మొహంలో అప్పటికే భయం పోయింది.

"ఒక కబురు తెచ్చాను," అన్నాను. "పదో తరగతి దగ్గర ఆగిపోయినవాళ్ళు ఇంటి దగ్గరే చదువుకుని పరీక్ష రాయొచ్చట. ఈ ఇంట్లో ఒకరున్నారు. ఎప్పుడో చెప్పాల్సింది, మర్చిపోయాను. నాదే తప్పు. లెక్కలు నేను నేర్పుతాను, రోజూ పిల్లలు వెళ్ళాక ఒక గంట."

ఆ కబురు ఆమెకి తెలుసు. ఊరంతటికీ చెప్పింది ఆమే. అయినా మొదటిసారి వింటున్నట్టు నా ఎదురుగా చాప అంచు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ప్రతి మాటా వింది.

"ఆకరి తేదీ ఎప్పుడు మేడమ్?" అని అడిగింది.

"రేపు. శుక్రవారం."

"రేపు. సుక్కురోరం," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోలేదు.

తర్వాత లేచి, చూరులో దోపిన ప్లాస్టిక్ కవరు తీసి తెచ్చింది. అందులో ఆమె పాత బడి సర్టిఫికెట్టు ఉంది, మడతల దగ్గర చిరిగితే అన్నం మెతుకులతో అతికించి ఉంది. రెండు కొత్త ఫోటోలున్నాయి. ఫోటోలో ఆమె తల దువ్వుకుని, మెడదాకా కొంగు కప్పుకుని, ఎవరో మందలిస్తే నిటారుగా కూర్చున్నట్టుంది.

"ఇవెప్పుడు తీయించావు?"

"సోమారం మీరు ఫోనులో సదివినారు కదా మేడమ్. ఆ మర్నాడు పొద్దున్నే గజపతినగరమెల్లి దిగొచ్చేను," అంది. "ఎవలైనా వచ్చి సెప్తే ఉంతాయని."

ఆమె డబ్బా మూత తీసి బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. "కబురు తెచ్చినోలని ఒట్టి సేతుల్తో పంపకూడదు," అంది నవ్వుతూ. అక్కడే నోట్లో వేసుకున్నాను.

ఇంతలో వాళ్ళ అత్తగారు తాడు పక్కన పడేసి లేచింది. దడి దాటి పక్కింటికి వెళ్ళింది. చెప్పులు విప్పిన చప్పుడు, పీట లాగిన చప్పుడు విన్నాం. ఆ తర్వాత ఆమె గొంతు గట్టిగా వినిపించింది. "ఓలమ్మా, ఎవులున్నారు లోన? కాసిన్ని మంచినీల్లియ్యండి."